టర్బో కారుకి బ్లోఆఫ్ వాల్వ్ ఎక్కడ పెట్టాలి, టర్బో దగ్గరా థ్రాటిల్ దగ్గరా? (పాత ఆక్టేవియా, విజయనగరం)

నెల్లిమర్ల_టర్బో:

అన్నలందరికీ నమస్తే. నా దగ్గర పాత స్కోడా ఆక్టేవియా ఆరెస్ ఉంది, 1.8 టర్బో పెట్రోలు, కంపెనీ లెక్కలో 150 హార్స్‌పవర్. రీమ్యాప్ చేయించాను (ఇంజిన్ కంప్యూటర్, అదే ఈసీయూలో లెక్కలు మార్పించడం), ఇప్పుడు బూస్ట్, అంటే టర్బో నొక్కి పంపే గాలి ఒత్తిడి, 1 బార్ దగ్గరికి వస్తంది. ఎండాకాలం సాలూరు ఘాట్ ఎక్కితే సగం దూరం వెళ్ళేసరికి బండి లాగడం తగ్గిపోతంది, గాలి వేడెక్కిపోయి ఈసీయూ స్పార్క్ టైమింగ్ వెనక్కి తీసేస్తందని స్కానర్ పెట్టి చూస్తే తెలిసింది. అందుకని బంపర్ మూలన చక్రం ముందర ఉండే చిన్న ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) తీయించేసి రేడియేటర్ ముందు పెద్దది పెట్టిస్తన్నాను, పైపులన్నీ కొత్తవే, అల్యూమినియం, రెండున్నర అంగుళాలవి.

ఇప్పుడు ఆ పైపు మీద బ్లోఆఫ్ వాల్వ్ (యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు పైపులో మిగిలిన ఒత్తిడి వదిలేది) కూర్చునే ఫ్లాంజ్ వెల్డింగ్ చేయించాలి. ఒకసారి కన్నం పెట్టేసాక మార్చడం అంటే మళ్ళీ కొత్త పైపే కదా, అందుకే ముందు అడుగుతన్నాను. మా రింగ్ రోడ్డు మేస్త్రీ ఏమంటాడంటే కంపెనీ వాడు టర్బో దగ్గరే పెట్టాడు కదా మనం కూడా అక్కడే పెడదాం అంటాడు. వైజాగ్‌లో రీమ్యాప్ చేసినాయన మాత్రం థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే, ఆపే రేకు) పక్కన పెట్టి గాలి బయటికి వదిలేయ్, సౌండ్ కూడా బాగుంటాది అంటాడు. ఇద్దరూ అనుభవం ఉన్నోళ్ళే. నాకు సౌండ్ ఇష్టమే గాని దానికోసం ఇంజిన్ పాడు చేసుకోను. వాల్వ్ పిస్టన్ టైప్‌ది, గాలి బయటికైనా వదలొచ్చు, తిరిగి ఇన్‌టేక్‌లోకైనా కలపొచ్చు, రెండు రకాల మూతలూ ఇచ్చారు. ఎవరైనా ఈ ఇంజిన్ మీద చేసినోళ్ళుంటే కారణంతో సహా చెప్పండి.

రాజాం_రోడ్లు:

థ్రాటిల్ పక్కన పెట్టు బ్రో. ఇంటర్‌కూలర్ దాటాక, థ్రాటిల్ బాడీకి జానెడు రెండు జానల దూరంలో, తిన్నగా ఉన్న పైపు మీద. గాలి మాత్రం బయటికి వదలొద్దు, నీ బండికి మాఫ్ సెన్సర్ (లోపలికొచ్చే గాలిని కొలిచేది) ఉంది.

టెక్కలి_గ్యారేజ్:

తమ్ముడూ, నీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు ఉన్నాయి. వాల్వ్ ఎక్కడ పెట్టాలి అనేది ఒకటి, వాల్వ్ వదిలిన గాలి ఎక్కడికి పోవాలి అనేది ఇంకోటి. అందరూ మొదటిదాని మీద కొట్టుకుంటారు గాని ఇంజిన్‌కి ఎక్కువ తేడా తెచ్చేది రెండోది.

ముందు అసలు వాల్వ్ ఎందుకో చూడు. నువ్వు యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ టర్బో గాలిని నెడతా ఉంటాది, అది నిమిషానికి లక్ష చుట్లు పైనే తిరిగే వస్తువు. గేరు మార్చడానికి నువ్వు కాలు తీయగానే థ్రాటిల్ రేకు టక్కున మూసుకుంటాది. టర్బో ఆగదు, గాలికి దారి లేదు, ఆ ఒత్తిడి వెనక్కి తిరిగి కంప్రెసర్ రెక్కల మీద పడతాది. అదే సర్జ్, తుతుతుతు అని వినిపిస్తాది చూడు, అది. అప్పుడప్పుడూ అయితే ఏమీ అవదు గాని పెద్ద బూస్ట్ మీద ప్రతి గేరుకీ అలాగే జరిగితే షాఫ్ట్‌కీ బేరింగుకీ దెబ్బ, పైగా టర్బో స్పీడు పడిపోయి తరవాత గేరులో బూస్ట్ రావడానికి లేటవుతాది. ఆ గాలికి దారి చూపించడమే వాల్వ్ పని.

ఇప్పుడు గాలి ఎక్కడికి అనేది. నీ ఇంజిన్‌లో ఎయిర్ ఫిల్టర్ దాటగానే మాఫ్ సెన్సర్ ఉంటాది, టర్బోకి ముందే. లోపలికి వచ్చిన ప్రతి గ్రాము గాలినీ అది అక్కడే లెక్క కట్టి ఈసీయూకి చెప్పేస్తాది, ఈసీయూ దానికి సరిపడా పెట్రోలు పోస్తాది. లెక్కలోకి వచ్చిన గాలిని నువ్వు మధ్యలో బయటికి వదిలేస్తే పెట్రోలు మిగిలిపోతాది. క్లచ్ తొక్కగానే ఐడిల్ పడిపోవడం, జంక్షన్‌లో సిగ్నల్ దగ్గర బండి ఆగిపోవడం, సైలెన్సర్ నుంచి నల్ల పొగ, ప్లగ్గులు నల్లబడటం అన్నీ దీనివల్లే. కాలని పెట్రోలు వెళ్ళి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండితే అది కూడా పోతాది, దాని ఖరీదు నీకు తెలుసు. కాబట్టి గాలి తిరిగి మాఫ్‌కీ టర్బోకీ మధ్య ఉన్న ఇన్‌టేక్ పైపులోకే రావాలి. ఇందులో రెండో మాట లేదు.

బయటికి వదలడం అసలు తప్పా అంటే అన్ని బండ్లకీ కాదు. మాఫ్ లేకుండా మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల ముక్క) దగ్గర ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్‌తో గాలి లెక్క కట్టే బండ్లలో బయటికి పోయిన గాలి అసలు లెక్కలోనే లేదు కాబట్టి ఇబ్బంది లేదు. మాఫ్‌ని తీసుకెళ్ళి వాల్వ్ దాటాక థ్రాటిల్ ముందర పెట్టుకున్నా ఇబ్బంది లేదు, గాని అప్పుడు ట్యూనింగ్ అంతా మళ్ళీ చేయించుకోవాలి. ఉన్న ట్యూనింగ్‌తో నడపాలంటే తిరిగి కలపడమే.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. స్ప్రింగ్ మెత్తగా ఉంటే ఐడిల్‌లో కూడా వాల్వ్ కొంచెం తెరుచుకుని ఉంటాది. బయటికి వదిలే మూత పెట్టుకున్నావనుకో, ఐడిల్‌లో పైపులో బూస్ట్ ఉండదు, పైగా కొంచెం లాగుడే ఉంటాది, అప్పుడు అదే కన్నంలోంచి ఫిల్టర్ లేని గాలి లోపలికి వస్తాది. మా టెక్కలి వైపు గ్రానైట్ లారీల వెనక ఓ అరగంట నడిపితే బానెట్ కింద ఎంత బూడిద పేరుకుంటాదో చూసినోడికి తెలుస్తాది. ఆ పొడి సిలిండర్ గోడలకి గీతలు పెడతాది.

కోట_జంక్షన్:

అందరూ థ్రాటిల్ థ్రాటిల్ అంటన్నారు గాని మేస్త్రీ మాటని అలా కొట్టిపారేయకండి. సర్జ్ జరిగేది ఎక్కడ? కంప్రెసర్ దగ్గర. అయితే ఒత్తిడి దిగాల్సింది కూడా అక్కడే కదా. తరవాత వచ్చిన 1.8, 2.0 టీఎస్ఐ (టర్బో పెట్రోలు) ఇంజిన్లు చూడండి, వాల్వ్‌ని ఏకంగా టర్బో కంప్రెసర్ బాడీకే బిగించేశారు, అది కరెంటు వాల్వ్, ఈసీయూ చెప్పగానే తెరుచుకుంటుంది. టర్బోలు తయారు చేసేవాళ్ళకి మనకన్నా తక్కువ తెలుసంటారా? ఈ పాత 1.8లో కూడా కంపెనీ వాల్వ్ టర్బో వైపు పైపులోనే ఉంటుంది, తిరిగి కలిసే గొట్టం బెత్తెడు కూడా ఉండదు. పొట్టి గొట్టం అంటే లీకులు తక్కువ. పెద్ద ఇంటర్‌కూలర్ పెట్టి కూడా వాల్వ్‌ని పాత చోటే ఉంచి నడుపుతున్న బండ్లు చాలా ఉన్నాయి, ఏమీ అవలేదు.

పాఠాలు_చెప్తాను:

నేను మెకానికల్ పాఠాలు చెప్తాను కాబట్టి కోట_జంక్షన్ గారు అన్నదాన్ని కొంచెం లెక్కలో పెట్టి చూస్తాను, ఆయన పాయింటులో నిజం ఉంది.

థ్రాటిల్ మూసుకున్న క్షణంలో ఒత్తిడి అల అక్కడ పుట్టి వెనక్కి ధ్వని వేగంతో పరిగెడుతుంది. పైపులు, ఇంటర్‌కూలర్ అన్నీ కలిపి దారి రెండున్నర మీటర్లు అనుకుందాం, లోపలి గాలి వేడికి ధ్వని వేగం సెకనుకి ఓ 370 మీటర్లు వేసుకుంటే కంప్రెసర్‌కి చేరడానికి 7 మిల్లీసెకన్లు కూడా పట్టదు. వాల్వ్ ఈ చివర ఉన్నా ఆ చివర ఉన్నా టైములో తేడా అంతే. మానిఫోల్డ్ నుంచి వాల్వ్ పైకి వెళ్ళే సన్న వాక్యూం గొట్టంలో ఒత్తిడి మారి, స్ప్రింగ్ లొంగి, పిస్టన్ లేవడానికి దానికన్నా ఎక్కువే పడుతుంది. కాబట్టి స్పీడు పేరుతో టర్బో పక్కన పెట్టమనడం నాకు అంత బలమైన కారణంగా అనిపించదు. వాక్యూం గొట్టం పొట్టిగా ఉండటం, స్ప్రింగ్ సరైనది ఉండటం అంతకన్నా ముఖ్యం.

వేడి లెక్క మాత్రం బలమైనది. మే నెలలో మన దగ్గర బయట 40 డిగ్రీలు ఉందనుకోండి. 1 బార్ బూస్ట్ అంటే గాలిని రెండింతల ఒత్తిడికి నొక్కడం. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం వేసుకుంటే బయటికొచ్చే గాలి 138 డిగ్రీల దగ్గర తేలుతుంది. చిన్న టర్బోని దాని హద్దుల దాకా తోస్తే సామర్థ్యం ఇంకా పడుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. టర్బో పక్కన పెట్టిన వాల్వ్ ఆ వేడిలోనే బతకాలి, దాని ఓ-రింగులు, గ్రీజు, డయాఫ్రం రకం అయితే ఆ రబ్బరు అన్నీ. పైగా తిరిగి కలిపినప్పుడు ఆ వేడి గాలే మళ్ళీ టర్బో నోట్లోకి వెళ్తుంది. ఇంటర్‌కూలర్ దాటాక పెడితే వాల్వ్‌కి తగిలేదీ, తిరిగి టర్బోలోకి వెళ్ళేదీ చల్లబడిన గాలి. గాలి ప్రవాహం కూడా అదే దిశలో, ఇంటర్‌కూలర్ గుండా ముందుకే సాగుతుంది, పైపు మధ్యలో ఆగి వెనక్కి తన్నదు.

కంపెనీలు టర్బో మీద పెట్టడానికి కారణాలు వేరే కూడా ఉన్నాయి. ఒకే ముక్కగా బిగించేస్తే ఫ్యాక్టరీలో పని తక్కువ, గొట్టాలు తక్కువ, శబ్దం తక్కువ. వాళ్ళ వాల్వ్ ఆ వేడికి తట్టుకునేలా తయారు చేసుకుంటారు. మనం బయట కొన్న వాల్వ్‌కి ఆ హామీ ఉండదు.

నెల్లిమర్ల_టర్బో:

మేడంగారు, టెక్కలి అన్నా, చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. అయితే థ్రాటిల్ వైపు, గాలి తిరిగి ఇన్‌టేక్‌లోకి అని ఫిక్స్ అయిపోయాను. ఇప్పుడు చిక్కేటంటే ఈ ఇంజిన్‌లో థ్రాటిల్ ముందు వైపు, టర్బో వెనక ఫైర్‌వాల్ వైపు, అంటే తిరిగి కలిసే గొట్టం ఇంజిన్ దాటుకుని రావాలి, మీటరు దాకా అవుతాది. అంత పొడుగు పర్లేదా? ఇన్‌టేక్ పైపు మీద పాత వాల్వ్ తాలూకు కన్నం ఉంది, 25 మిల్లీమీటర్లది, దాన్నే వాడేయొచ్చా? కొత్త వాల్వ్ బయటి మూతి ఇంకా పెద్దది. వాక్యూం గొట్టం ఎక్కడినుంచి తియ్యాలో కూడా చెప్పండి, ఇప్పుడు మేస్త్రీ పెట్రోలు ప్రెషర్ రెగ్యులేటర్ గొట్టానికి టీ (మూడు దారుల జాయింటు) పెట్టేద్దాం అంటన్నాడు.

టెక్కలి_గ్యారేజ్:

టీ పెట్టనివ్వకు. అది ఒక్కటీ గట్టిగా చెప్పు మేస్త్రీకి. వాల్వ్‌కి సొంత గొట్టం ఉండాలి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద సొంత నిప్పిల్ నుంచి. రెగ్యులేటర్‌తోనో బ్రేక్ బూస్టర్‌తోనో బూస్ట్ గేజ్‌తోనో పంచుకుంటే వాల్వ్ లేటుగా తెరుచుకుంటాది, పైగా వాల్వ్ కొట్టినప్పుడల్లా పెట్రోలు ప్రెషర్ కూడా ఊగుతాది.

నిప్పిల్ కూడా థ్రాటిల్ రేకు దాటాక, మానిఫోల్డ్ వైపే ఉండాలి. ఎందుకో మేస్త్రీకి ఇలా చెప్పు. బూస్ట్‌లో పిస్టన్ పైనా కిందా ఒకటే ఒత్తిడి, స్ప్రింగ్ బలం తోడై మూసి ఉంచుతాది. నువ్వు కాలు తీయగానే మానిఫోల్డ్‌లో వాక్యూం వస్తాది, పైనుంచి లాగుడు, కింద పైపులో ఇంకా ఉన్న బూస్ట్ నుంచి తోపు, రెండూ కలిసి పిస్టన్‌ని లేపుతాయి. అదే గొట్టాన్ని థ్రాటిల్‌కి ముందు పైపులోంచి తీశావనుకో, పైనా కిందా ఎప్పుడూ సమానమే, వాల్వ్ జన్మలో తెరుచుకోదు. గొట్టం లోపలి కన్నం 4 నుంచి 6 మిల్లీమీటర్లు, వీలైనంత పొట్టిగా, మెత్తటి సిలికాన్ అయితే వాక్యూంకి నలిగిపోని మందం ఉన్నది.

ఈ ఇంజిన్‌లో పాత వాల్వ్ గొట్టం మధ్యలో ఎన్ 249 అని ఒక సోలినాయిడ్ ఉంటాది చూడు, ఈసీయూ దాంతో వాల్వ్‌ని ఆడిస్తాది. చాలామంది కొత్త వాల్వ్‌కి మానిఫోల్డ్ నుంచి తిన్నగా గొట్టం లాగేసి దాన్ని పక్కన పెట్టేస్తారు, పని చేస్తాది. సోలినాయిడ్ కనెక్టర్ మాత్రం పీకొద్దు, పీకితే చెక్ ఇంజిన్ లైటు.

గొట్టం మీటరు పర్లేదు. పొడుగు కన్నా ఇరుకు ప్రమాదం. కొత్త వాల్వ్ మూతి పెద్దదయినప్పుడు దానికి రెడ్యూసర్ పెట్టి 25 కన్నంలోకి దూర్చేస్తే పెద్ద వాల్వ్ కొన్న లాభం పోయినట్టే, వెనక ఒత్తిడి నిలబడి సర్జ్ కొంచెం మిగులుతాది. కుదిరితే ఇన్‌టేక్ పైపు మీద పెద్ద కన్నం వేరే పెట్టించు, గాలి టర్బో వైపు పోయేలా ఏటవాలుగా, మాఫ్‌కి దూరంగా. మాఫ్‌కి ఎదురుగా కొడితే ఆ గాలి వెనక్కి తన్ని సెన్సర్ రీడింగ్ చెడగొడతాది. నీ 1 బార్‌కి 25 కన్నంతో కూడా చాలామందికి బాగానే నడుస్తంది, కాబట్టి ముందు దాంతో చూసి, తుతుతు వినిపిస్తేనే మార్చు.

రాజాం_రోడ్లు:

వెల్డింగ్ సంగతి నేను చెప్తా. అల్యూమినియంకి ఆర్గాన్ వెల్డింగే, మామూలు గేటు వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళకు. నీకు దగ్గర్లో మంచోడు దొరక్కపోతే సాలూరు లారీ బాడీ షెడ్ల వైపు అడుగు, ఆ ఊళ్ళో వెల్డింగ్ చేతులకి కొదవ లేదు.

ఫ్లాంజ్ అంటించాక పైపుకి పెట్టే కన్నం వాల్వ్ మూతి ఎంతుందో అంతా ఉండాలి. చిన్న డ్రిల్ కన్నం పెట్టి పైన పెద్ద వాల్వ్ బిగించిన పైపులు చూశాను, బయటికి బ్రహ్మాండంగా ఉంటుంది, లోపల బొటనవేలు కూడా పట్టదు. లోపల అంచు ఫైలుతో నున్నగా చెయ్యి, వెల్డింగ్ గుళ్ళు, అల్యూమినియం పొట్టు ఒక్కటి కూడా మిగలకూడదు, ఎందుకంటే ఆ చోటు దాటాక మధ్యలో ఫిల్టర్ లేదు, తిన్నగా సిలిండర్‌లోకే. పైపుని పెట్రోలుతో కడిగి ఎయిర్ కొట్టి అప్పుడు బిగించు.

వంపు మీద ఫ్లాంజ్ వద్దు, తిన్నగా ఉన్న ముక్క మీదే. వెల్డింగ్‌కి ముందు వాల్వ్‌ని టేపుతో పైపుకి కట్టి బానెట్ మెల్లగా దించి చూడు. ఇంజిన్ గట్టిగా ఊగినప్పుడు ఓ అంగుళం కదులుతుంది, బానెట్‌కీ ఫ్యాన్‌కీ ఆ ఖాళీ వదలాలి. బంపర్ లోపల కిందికి మాత్రం పెట్టకు, వానాకాలం నీళ్ళు నిలిచిన రోడ్ల మీద అక్కడ బురద తప్ప ఏమీ ఉండదు.

పాలకొండ_డీజిల్:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి, నాది స్విఫ్ట్ డీజిల్, దానికీ టర్బో ఉంది కదా, ఆన్‌లైన్‌లో డీజిల్ బ్లోఆఫ్ కిట్ అని అమ్ముతున్నారు, పెట్టొచ్చా?

పాఠాలు_చెప్తాను:

వద్దండి. పెట్రోలు ఇంజిన్‌లో కాలు తీస్తే గాలిని ఆపేది థ్రాటిల్ రేకు, ఈ గొడవంతా దానివల్లే. డీజిల్ ఇంజిన్ పవర్‌ని గాలితో కాదు, పోసే డీజిల్‌తో తగ్గిస్తుంది. కాలు తీసినా గాలి దారి తెరిచే ఉంటుంది, టర్బో నెట్టిన గాలి సిలిండర్లలోకి పోతూనే ఉంటుంది. కొన్ని డీజిల్ బండ్లలో రేకు ఉన్నా అది ఈజీఆర్ (కాలిన పొగని కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపడం) కోసం, ఇంజిన్ ఆపేటప్పుడు కుదుపు లేకుండా ఉండటం కోసం. కాలు తీయగానే మానిఫోల్డ్‌లో పెట్రోలు బండిలా వాక్యూం రాదు కాబట్టి ఆ కిట్లలో పెడల్‌కి స్విచ్ పెట్టి కరెంటుతో వాల్వ్ తెరుస్తారు. మీరు కొనేది శబ్దం ఒక్కటే, దానికి బదులు బాగున్న పైపుకి ఒక కన్నం పెట్టుకుంటారు. ఎప్పుడైనా సరిగ్గా మూసుకోకపోతే బూస్ట్ లీకై నల్ల పొగ వస్తుంది.

కోట_జంక్షన్:

మేడంగారి వేడి లెక్క చూశాక థ్రాటిల్ వైపే మేలని ఒప్పుకుంటాను, తిరిగి కలపడం విషయంలో ముందు నుంచీ అందరిదీ ఒకటే మాట. ఒక్కటి చేర్చాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. గాలి లోపలికే తిప్పినా మార్పు మార్పే, కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్ళతో మాట్లాడి ఉంచుకో. బయటికి వదిలే మూత పెడితే మయూరి జంక్షన్‌లో గేరు మార్చిన ప్రతిసారీ అందరూ నీవైపే చూస్తారు, ట్రాఫిక్ వాళ్ళు కూడా.

టెక్కలి_గ్యారేజ్:

బిగించాక చెయ్యాల్సిన చెకింగ్ కూడా రాసేస్తాను. స్ప్రింగ్ ముందు మధ్య రకంది వెయ్యి. మూడో గేరులో ఫుల్ బూస్ట్‌కి వెళ్ళి టక్కున కాలు తియ్యి, ఖాళీ రోడ్డు మీద. తుతుతు అని రెక్కలు కొట్టుకున్నట్టు వస్తే స్ప్రింగ్ గట్టిది, లేదా తిరిగి కలిసే దారి ఇరుకు. బూస్ట్ 1 బార్ దాకా ఎక్కకుండా మధ్యలో నిలిచిపోతే స్ప్రింగ్ మెత్తనిది, లేదా వాక్యూం గొట్టం ఎక్కడో లీకు. తిరిగి కలిపే సెట్టింగ్‌లో ఐడిల్‌లో వాల్వ్ కొంచెం తెరుచుకున్నా భయం లేదు, ఆ గాలి లెక్కలోనే తిరుగుతాది.

లీకులకి టర్బో ముందు పైపు ఊడదీసి అక్కడ మూత బిగించి షెడ్డులో టైర్లకి కొట్టే కంప్రెసర్ గాలి అర బార్ పట్టించి జాయింట్లన్నిటికీ సబ్బునీళ్ళు కొట్టు. మానిఫోల్డ్ నుంచి క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింద ఆయిల్ ఉండే భాగం) వైపు పోయే బ్రీదర్ గొట్టం ముందు మూసెయ్యి, లేకపోతే ఆ ఒత్తిడి ఆయిల్ సీళ్ళ మీద పడతాది. సిలికాన్ జాయింట్లకి మామూలు క్లిప్పులు కాకుండా టీ-బోల్ట్ క్లాంపులు వాడు, ఆయిల్ తడి తుడిచి మరీ బిగించు, ఆయిల్ ఉంటే పైపు జారిపోతాది. నాలుగైదు సార్లు ఇంజిన్ బాగా వేడెక్కి చల్లారాక క్లాంపులన్నీ ఇంకోసారి బిగించాలి.